పెన్సిల్ కింద నీడ

“...అది కాదండీ, ఆయన్ని నవ్వమని ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని?”

“పనిగట్టుకుని చెప్పలేదు మేడమ్. నోటికొచ్చేసింది.”

“మీ నోటికి అలవాటు, నా ప్రాణానికి తిప్పలు. చెంప మీద మచ్చ అంచు ఎక్కడిదాకా ఉందో చూద్దామంటే ఆ నవ్వు మడతలో కలిసిపోయింది. మనిషి మాత్రం పెళ్లికొడుకులా ఉన్నాడు.”

“పాపం, బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడని...”

“కూర్చోనివ్వండి. మళ్లీ తీయండి.”

చర్మవ్యాధుల విభాగం వరండాలో బెంచీల మీదున్న వాళ్లంతా ఈ మాటలు విన్నారు. పెద్ద డాక్టరమ్మ గొంతు తలుపులు ఆపగలిగేది కాదు. ఫోటోలాయన బయటికి వచ్చి, చెంప మీద మచ్చ ఉన్నాయన్ని మళ్లీ లోపలికి పిలిచాడు. “ఈసారి నవ్వకండి. నాకు చీవాట్లు పడుతున్నాయి,” అన్నాడు. ఆయనకు ఇంకా నవ్వొచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సంగతి ఇది. ఇప్పుడు ఆయన్ని ఆస్పత్రిలో అందరూ టచింగ్ గారు అంటారు. అది ఆయన పాత వృత్తి పేరు. వీధి మలుపులో, మేడమెట్లు ఎక్కి వెళ్లే రెండు గదుల స్టూడియో ఉండేది ఆయనకు. ఫోటో తీయడం ఎవరైనా తీస్తారు, టచింగ్ మాత్రం ఈయనే చేయాలి అనేవారు. ఏటవాలు బల్ల మీద గాజుపలక, దాని కింద అద్దం. పలక మీద నెగెటివ్ పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో, ఊపిరి బిగబట్టి, కంటికి కనపడనంత చిన్న చిన్న చుక్కలు పెట్టేవాడు. ముఖంలో నల్లగా ఉన్నది నెగెటివ్‌లో పల్చగా ఉంటుంది. ఆ పల్చదనాన్ని పెన్సిల్ పొడితో పూడిస్తే పటంలో మచ్చ మాయమవుతుంది. మొటిమలూ, గాట్లూ, కళ్ల కింద నలుపూ ఆ మొన కింద ఎన్ని పోయాయో లెక్కలేదు. “మా అమ్మాయిని కాస్త చూడండి,” అని తల్లులు గొంతు తగ్గించి చెబితే, అమ్మాయికి వినపడకుండా తలూపేవాడు.

తర్వాత ఫిల్ము పోయింది, చేతిలో ఫోన్లు వచ్చాయి, మెట్లెక్కేవాళ్లు తగ్గారు. చివరి రోజుల్లో పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చిన మనుషుల్లో ఈ పెద్ద డాక్టరమ్మ ఒకరు. ఫోటోలు తీసుకుని సగం మెట్లు దిగి మళ్లీ పైకి వచ్చింది.

“నా గడ్డం మీద పుట్టుమచ్చ ఉండాలి. ఏదీ?”

“తీసేశానండీ.”

“ఎవరినడిగి తీశారు?”

“ఎవరూ వద్దనలేదండీ ఇంతవరకూ.”

ఆవిడ కాసేపు ఫోటోనీ, ఆయన్నీ మార్చి మార్చి చూసింది. “దాన్ని తీసేయాలంటే ముందు చూడాలి కదా. అందరికంటే బాగా చూస్తున్నారన్నమాట. మా దగ్గరికి రండి, చూసింది చూసినట్టు ఉంచే పని ఉంది,” అంది. స్టూడియో అద్దెకిచ్చిన ఇంటాయన గది ఖాళీ చేయమన్న వారమే అది. ఆయన వెళ్లాడు.

ఆస్పత్రిలో ఆయన గది మేడ కింద, ఎండ రాని వైపు. కిటికీ అద్దాలకు నల్లరంగు. గోడకు నీలం గుడ్డ, వంగే చేతులున్న రెండు దీపాలు, తిరిగే కుర్చీ. మొదట్లో ఆయన చేసిన తప్పులన్నీ ఒకే తప్పు. దీపాన్ని ఎదురుగా, మెత్తగా పెట్టేవాడు. వెలుగు ముఖమంతా సమంగా పరుచుకుని గడ్డ ఎత్తు, పుండు లోతు రెండూ చదునైపోయేవి. డాక్టరమ్మ వచ్చి దీపం తలను పక్కకు మెలితిప్పేది. “నీడ పడనివ్వండి. నాకు నీడే కావాలి.” నీడను చంపడమే జీవితమంతా నేర్చుకున్న మనిషికి అది చెయ్యి విరిచి కట్టినట్టుండేది.

అయినా నేర్చుకున్నాడు. ఒళ్లంతా పొలుసులు కట్టిన పిల్లలు, గట్టిగా పట్టుకుంటే బొబ్బలెక్కే చర్మం ఉన్నవాళ్లు, వీపు నిండా వేలాడే మెత్తటి కణుతులున్న ఒక వడ్రంగి ఆ కుర్చీలో కూర్చున్నారు. జబ్బుల పేర్లకు ఆయన నోరు తిరిగేది కాదు. ఆయనకు పట్టింది ఇంకొకటి. స్టూడియోకి జనం చూపించుకోవడానికి ముస్తాబై వచ్చేవారు. ఇక్కడికి వచ్చేవాళ్లు ఏళ్ల తరబడి పొడుగు చేతుల చొక్కాల కింద దాక్కుని వచ్చేవారు. చొక్కా విప్పాక ఎదుటి మనిషి కళ్లు తప్పించుకుంటాడా లేదా అని వాళ్లు ఒక్క క్షణం చూస్తారు. ఆయన తప్పించుకునేవాడు కాదు. అందులో గొప్పేమీ లేదు, ఫోకస్ చూసుకోవాలి. కానీ వడ్రంగి వెళ్తూ వెళ్తూ, “మీరు నన్ను బల్లను చూసినట్టు చూశారండీ, చాలా హాయిగా ఉంది,” అన్నాడు. బల్లలు చేసేవాడి మాట కాబట్టి ఆయన దాన్ని మెప్పుగానే తీసుకున్నాడు.

అలాంటి గదిలోకి ఒకరోజు ఆయన అక్క వచ్చింది.

అక్కది స్టేషన్‌లో అనౌన్సర్ ఉద్యోగం. ఏ బండి ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో, ఎంత ఆలస్యమో ముప్పై ఏళ్లుగా ఊరికి చెప్పేది ఆవిడే. ఆ గొంతు తెలియనివాళ్లు లేరు, ఆ ముఖం తెలిసినవాళ్లు నలుగురైదుగురు. “ఊరంతా మా ఆవిడ మాట వింటుంది, నాకు మాత్రం వినక తప్పదు,” అని బావ అందరితో చెప్పుకుని నవ్వుకునేవాడు. రిటైర్ కావడానికి రెండేళ్లుంది.

ఆస్పత్రికి తీసుకొచ్చింది బావే. ఆవిడ టీ తాగుతుంటే పెదవి మూల నుంచి కారడం, అది ఆవిడకు తెలియకపోవడం చూశాడు. పై పెదవికి కాస్త పైన, ముక్కు పక్కకు వెళ్లే గీత దగ్గర, పాలిపోయిన చిన్న బిళ్ల ఉంది. బఠాణీ గింజను నొక్కినట్టుంది. నొప్పి లేదు, దురద లేదు. ముట్టుకుంటే గట్టిగా, కింది కండకు అతుక్కున్నట్టు ఉంటుంది.

డాక్టరమ్మ పైపైన చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టించింది. జవాబు ఎటూ తేల్చకుండా వచ్చింది. ఇది ఏమీ చేయని ఒక అరుదైన గడ్డ కావచ్చు, లేదా దానికి అచ్చంగా కవలపిల్లలా ఉండే, లోపలికి వేళ్లు తన్నే కణితి కావచ్చు, లేదా వేగంగా పాకే మరొకటి కావచ్చు. పైముక్కలో అన్నీ ఒకలాగే కనిపిస్తాయి.

“ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా ఇది?”

“ఏడాది ఉంటుంది డాక్టరమ్మా. అంతకుముందు లేదు.”

“గట్టిగా తెలుసా?”

“నా మొహం నాకు తెలీదా? కావాలంటే ఫోటోలు చూడండి. మా ఇంట్లో ఉన్నన్ని ఫోటోలు రాజుగారింట్లో కూడా ఉండవు.”

మర్నాడు బావ సంచీలో ఆల్బమ్‌లు మోసుకొచ్చాడు. డాక్టరమ్మ భూతద్దం పెట్టి ఒక్కొక్కటీ చూసింది. పెళ్లికి ముందు, పెళ్లి తర్వాత, ఉద్యోగం కార్డు ఫోటోలు, అది గడువు తీరినప్పుడల్లా తీయించిన కొత్తవి. పెదవి పైన గాజులా నునుపు. ఫోన్‌లో బావ తీసిన ఇటీవలి పటంలో మాత్రం బిళ్ల స్పష్టంగా ఉంది.

“అయితే ఏడాదిలోనే ఇంతైందన్నమాట,” అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతు మొదటిసారి వరండాలోకి వినపడలేదు. “అంత వేగంగా పెరిగేది అయితే ఇక్కడ పెట్టుకుని కూర్చోకూడదు. పెద్ద క్యాన్సర్ ఆస్పత్రికి రాస్తాను. పై పెదవి సగం, మెడలో గ్రంథులు కూడా తీయాల్సి రావచ్చు.”

బావ ఆల్బమ్ మూశాడు. అక్క తన పెదవిని వేలితో తడుముకుంది. టచింగ్ గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

“మేడమ్, అవి నేను తీసినవి.”

“తెలుసు. బాగున్నాయి.”

“బాగుండటమే గొడవ. దిద్దినవి అవి. అక్కడ ఏదో ఉండేది. నేను పూడ్చేవాణ్ణి.”

“ఏముండేది?”

ఆయనకు మచ్చ గుర్తులేదు. పెన్సిల్ ఆ చోట ఒక్క క్షణం ఆగి, రెండు చుక్కలు పెట్టి, కంటివైపు వెళ్లిపోవడం మాత్రం చేతికి గుర్తుందని చెప్పాడు. అంతే.

“మీ చేతికి గుర్తుందంటే నేను రాయలేను,” అంది డాక్టరమ్మ. “నాకు కనపడాలి. ఎప్పుడు మొదలైంది, ఎంతలో ఎంతైంది. నెగెటివ్‌లు ఉన్నాయా?”

ఉన్నాయి. స్టూడియో ఖాళీ చేసినప్పుడు కెమెరాలు అమ్మాడు, తెరలు ఇచ్చేశాడు, నెగెటివ్‌ల పెట్టెలు మాత్రం ఇంట్లో అటక మీదికి ఎక్కించాడు. అక్క ఉద్యోగం కార్డు ఫోటోలు వరుసగా నాలుగు దొరికాయి. అక్కా బావా వెంటే వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. ఆయన టచింగ్ బల్ల దుమ్ము దులిపి, గాజుపలక కింద దీపం పెట్టి, పాతికేళ్ల కిందటి మొదటి నెగెటివ్ పరిచాడు.

ఏటవాలుగా చూస్తే పెన్సిల్ పని మెరుస్తోంది. నుదుటి మీద, కళ్ల కింద, పెదవి పైన. మంచి పని. ఆ మాట తనలో తానే అనుకుని సిగ్గుపడ్డాడు. దూదిని టర్పెంటైన్‌లో తడిపి, పిండి, పెదవి పైన చుట్టూ తిప్పాడు. దూది బూడిదరంగుకు తిరిగింది. నెగెటివ్‌ను వెంట తెచ్చిన ఆస్పత్రి కెమెరాతో తీసి, నలుపు తెలుపు తిరగేసి, తెర మీద పెద్దది చేశాడు.

ఆవగింజంత చుక్క.

రెండోదాంట్లో చుక్క కాస్త వెడల్పైంది. మూడోదాంట్లో దాని చుట్టూ సన్నటి అంచు లేచింది. నాలుగోది పదిహేనేళ్ల కిందటిది. అందులో అంచూ, మధ్యలో పల్లమూ తేలి, ఇప్పుడున్న బిళ్లకు తమ్ముడిలా ఉంది.

అక్క వెనక నిలబడి చూస్తోందని ఆయనకు తెలియలేదు.

“ఒరేయ్, ఇది నేనేనా?”

“నువ్వే అక్కా.”

“ఇన్నేళ్లు ఇది నా మొహాన ఉందా? నువ్వు చూశావా?”

“చూశాను.”

“చూసి నాకు చెప్పలేదా?”

“చెప్పేంత పెద్దదేం కాదు కదా అప్పుడు. అందరికీ చేసినట్టే...”

“అందరికీ చేసినట్టు నాకెందుకు చేశావురా? నేను అందరూనా?” అక్క గొంతు పెరిగింది. స్టేషన్ గొంతు అది, గది చిన్నది. “అద్దంలో చూసుకునే తీరిక నాకెక్కడిది? పొద్దున్నే బండి, రాత్రి బండి. నీ ఫోటో చూసుకుని, పర్లేదు బానే ఉన్నాననుకునేదాన్ని.”

బావ మెల్లగా అన్నాడు, “పోనీలే, పక్కనే ఉన్న నాకూ కనపడలేదు.”

“మీకు పేపర్లో అక్షరాలు తప్ప ఏం కనపడ్డాయి గనక!”

అక్క దూది ముద్దను తీసి చూసి, చెత్తబుట్టలో పడేసి, టీ పెట్టమని వంటింట్లో ఉన్న మరదలికి కేకేసింది. కోపంలో కూడా ఆవిడకు టీ కావాలి. టీ వచ్చింది. అక్క పెదవి మూల నుంచి కారింది. ఈసారి అక్కతో సహా ముగ్గురూ చూశారు, ముగ్గురూ చూడనట్టు కూర్చున్నారు.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరమ్మ నాలుగు పటాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఫోటోల్లో స్కేలు లేదు కాబట్టి రెండు కళ్ల మధ్య దూరంతో కొలత కట్టింది. “ఏడాదిది కాదు. పాతికేళ్లది. క్యాన్సర్ ఆస్పత్రికి రాసింది ఆపుతున్నాను,” అంది. టచింగ్ గారికి ప్రాణం లేచొచ్చింది. అప్పుడే ఆవిడ, “సంతోషపడకండి. మెల్లగా పెరిగింది, కానీ ఆగలేదు. ఏమీ చేయని గడ్డ ఒక దశలో ఆగుతుంది. లోతుగా ముక్క తీయాలి,” అంది.

లోతు ముక్క జవాబు మాత్రం తేల్చేసింది. లోపలికి వేళ్లు తన్నే ఆ కవలే ఇది, చెమటగ్రంథుల నాళాల్లో పుట్టే కణితి. అరుదైనది. శరీరంలో వేరేచోటికి సాధారణంగా పోదు, కానీ ఉన్నచోట నరాల వెంట పాకుతుంది. కండలోకి దిగిపోయింది.

డాక్టరమ్మ చేసే పద్ధతి ఇది. కణితి ఉన్నచోట పల్చటి పొర తీస్తారు. కట్టుకట్టి మనిషిని బయట కూర్చోబెడతారు. ఆ పొరను అక్కడికక్కడే గడ్డకట్టించి, కోసి, రంగు వేసి అంచులన్నీ చూస్తారు. ఏ మూల ఇంకా మిగిలిందో ఆ మూల మాత్రమే మళ్లీ తీస్తారు. మిగలనిదాకా అంతే. బాగున్న చర్మం వీలైనంత దక్కుతుంది. ఎంత పోతుందో మాత్రం ముందు చెప్పలేరు.

“పెదవి కదులుతుందా డాక్టరమ్మా తర్వాత?” అంది అక్క.

“కొంత కదలకపోవచ్చు. నరం ఎక్కడిదాకా పోతుందో చూడాలి.”

“అంటే మాట?”

“కొన్నాళ్లు తేడాగానే ఉంటుంది. పూర్తిగా సర్దుకుంటుందని మాటివ్వలేను.”

అక్క లేచి చీర సర్దుకుంది. “అయితే వద్దు. పాతికేళ్లు ఉన్నది ఇంకో రెండేళ్లు ఉండదా? నేను రిటైరయ్యాక మీ ఇష్టం. నన్ను మైకు ముందు నుంచి లేపకండి.”

“అమ్మా...”

“మీరే అన్నారు కదా మెల్లగా పెరుగుతుందని. మా తమ్ముడు ఫోటోలు చూపించి మరీ నిరూపించాడు.”

టచింగ్ గారి వైపు అందరూ చూశారు. పెద్ద ఆస్పత్రి తప్పించిన పటాలే ఇప్పుడు అక్క చేతిలో కర్రలయ్యాయి. ఒప్పుకోమని బతిమాలడానికి తనకు మొహమెక్కడుంది? బావ మాత్రం, “నువ్వు నోరు మెదపకుండా ఒక వారం ఇంట్లో ఉంటే చూడాలని ముప్పై ఏళ్లుగా నా కోరిక. ఆ ఒక్కటీ తీర్చవూ?” అన్నాడు. నవ్వబోయి, కిటికీ వైపు తిరిగాడు.

డాక్టరమ్మ వాదించలేదు. “సరే. వెళ్లేముందు ఒక పని చేసుకోనివ్వండి, రికార్డుకి,” అని అందర్నీ కిందికి తీసుకెళ్లి, అక్కను ఫోటోల గదిలో తిరిగే కుర్చీలో కూర్చోబెట్టింది. దూదిని పోగులా మెలితిప్పి, కళ్లు మూసుకోమంది.

“తగిలినప్పుడు తగిలింది అనండి.”

చెంప మీద పోగు ఆనింది. “తగిలింది.” గడ్డం మీద. “తగిలింది.” రెండో వైపు పెదవి మీద. “తగిలింది.” బిళ్ల మీద ఆనించింది. అక్క మాట్లాడలేదు. బిళ్లకు పైన ఆనించింది. అక్క ఎదురుచూస్తూ కూర్చుంది. ముక్కు రెక్క కింద ఆనించింది. అక్క కళ్లు మూసుకునే, “మొదలుపెట్టండి మరి,” అంది.

టచింగ్ గారు దీపం స్తంభం పట్టుకున్నాడు.

ఎక్కడ తగలడం ఆగిపోయిందో అక్కడక్కడ డాక్టరమ్మ ఊదారంగు కలంతో చుక్కలు పెట్టింది. చుక్కలన్నీ కలిపింది. పెదవి అంచు నుంచి ముక్కు పక్కగా పైకి, చెంప మీదికి ఒక గీత తిరిగింది. బిళ్ల దాని మధ్యలో చిన్న ద్వీపంలా ఉంది.

“ఫోటో,” అంది డాక్టరమ్మ.

ఆయన దీపాన్ని ఎదురుగా తెచ్చాడు. అక్క ముఖం మీద వెలుగు మెత్తగా పరుచుకుంది. ముడతలు పోయాయి, పదేళ్లు తగ్గింది. ఆ వెలుగులో ఎప్పుడూ బాగుండేది అక్క. ఆయన ఒక్క క్షణం అలాగే చూసి, దీపం తలను పక్కకు మెలితిప్పాడు. బిళ్ల అంచు లేచింది. దాని పక్క నీడ పడింది. కలం గీత పొడుగునా కనపడింది. బటన్ నొక్కాడు.

“చూపించు,” అంది అక్క.

“ఎందుకులే అక్కా...”

“చూపించమన్నానా!”

కెమెరా తిప్పి ముందు పెట్టాడు. అక్క కళ్లద్దాలు పైకి తోసుకుని, తెరను దగ్గరికి లాక్కుంది. బిళ్లను చూడలేదు. గీతను చూసింది. వేలితో తెర మీద ఆ గీత వెంటే పోయింది, పెదవి నుంచి ముక్కుదాకా, ముక్కు నుంచి చెంపదాకా, మళ్లీ పెదవికి.

“దీంట్లో దిద్దిందేం లేదు కదా?”

“లేదక్కా.”

“ఈ గీత లోపలంతా నాకు తెలియకుండానే మొద్దుబారిందా?”

“అవునమ్మా,” అంది డాక్టరమ్మ. “బిళ్ల పైకి కనపడేది. ఇది లోపల నడిచే దారి. ఎక్కువ తక్కువలు కోస్తేగానీ తెలియవు.”

“రెండేళ్లాగితే?”

“ఈ గీత ఎటు పోతుందో నేను చెప్పలేను.”

అక్క కెమెరాను తమ్ముడి చేతిలో పెట్టింది. కుర్చీలోంచి లేవలేదు. గోడ మీది నీలం గుడ్డను చూస్తూ, పెదవులు కదిపి, లోపల్లోపల ఏదో చెప్పుకుంది. ఆ పెదవుల వరసను బట్టి అది ఆలస్యంగా నడుస్తున్న బండి సంగతి అని బావకు తెలిసిపోయింది. ఆయన ముందుకు రాబోయి ఆగాడు.

“స్టేషన్‌లో రేపు చెప్పి వస్తాను,” అంది అక్క. “కొత్తమ్మాయికి మైకు అప్పజెప్పడానికి నాలుగు రోజులు పడుతుంది. సోమవారం చేయండి డాక్టరమ్మా. మాట ఉంటుందా పోతుందా అని మధ్యలో ఆగి నన్ను అడగొద్దు. ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా తీసేయండి.”